ఒక కంప్యూటర్‌లో ఆడి, ఇంకోదాంట్లో ఆగే గేము: లినక్స్ ప్యాకింగుపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం, ఒకరిద్దరు కలిసి తయారుచేసుకున్న చిన్న గేములను లినక్స్ వాడేవారికి అందజేయబోయి పడిన ఇబ్బందుల గురించే ఉన్నాయి. ఒకే తీరువి రెండు మూడు వస్తే కలిపి ఒక్కటిగా కుదించాను. మొదటి రెండింటికి జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే మిగతా చిక్కుల్లో సగం అక్కడే పుడతాయి.

ప్రశ్న: మేమిద్దరం సీ ప్లస్ ప్లస్‌లో, విండో, శబ్దం వంటివి చూసుకునే ఎస్‌డీఎల్ 2 అనే లైబ్రరీ ఆధారంగా ఒక పజిల్ గేము రాశాము. మా ఇద్దరి కంప్యూటర్లలోనూ ఉబుంటు 22.04 ఉంది, అక్కడ గేము చక్కగా ఆడుతోంది. ఉబుంటు 20.04 వాడే ఆటగాడికి మాత్రం లినక్స్ మూల సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.34 వెర్షన్ కనబడలేదన్న సందేశం టెర్మినల్‌లో వచ్చి, గేము అక్కడికక్కడే ఆగిపోతోంది. జీలిబ్‌సీలో ముఖ్యమైన, మా దగ్గరున్న లిబ్‌సీ ఫైలునే గేము ఫోల్డరులో పెట్టి పంపితే ఈసారి మొదలవుతూనే కూలిపోయింది. 2.34లో కొత్తగా వచ్చినదేదీ మేము వాడలేదు. మరి ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు: మీరు ఏమీ వాడలేదన్న మాట నిజమే, అయినా ఆ అంకె మీ ఫైలులోకి వచ్చి కూర్చుంది. జీలిబ్‌సీలోని ప్రతి ఫంక్షన్‌కూ ఒక వెర్షన్ ముద్ర ఉంటుంది, మీరు కంపైల్ చేసిన రోజున మీ కంప్యూటర్‌లో ఏ ముద్ర కొత్తదో, కంపైల్ చివర ముక్కలన్నిటినీ కలిపే లింకర్ దాన్నే మీ ప్రోగ్రాంలో రాసిపెడుతుంది. 2021 ఆగస్టులో వెలువడిన 2.34లో, అంతకుముందు వేరుగా ఉన్న పీథ్రెడ్, డీఎల్ లైబ్రరీలను లిబ్‌సీలో కలిపేశారు. అదే విడుదలలో ప్రోగ్రాం మొదలయ్యే పద్ధతిని కూడా మార్చారు. మీ మెయిన్ ఫంక్షన్‌ను పిలిచే తొలి ఫంక్షన్‌కే కొత్త ముద్ర పడింది కాబట్టి, ఆ వెర్షన్ మీద కంపైల్ చేసిన ప్రోగ్రాం ఒక్క పంక్తిదే అయినా 2.34 కావాలని అడుగుతుంది. ఉబుంటు 20.04లో ఉన్నది 2.31, మీ 22.04లో ఉన్నది 2.35. పాతదాని మీద కట్టిన ప్రోగ్రాం కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టినది పాతదాని మీద నడవదు. జీలిబ్‌సీ ఇచ్చే హామీ ఈ ఒక్క దిశలోనే ఉంటుంది.

మీ ప్రోగ్రాం ఏయే ముద్రలు అడుగుతోందో చూడాలంటే ఆబ్జ్‌డంప్ ఆదేశానికి పెద్ద టీ ఆప్షన్ ఇచ్చి, వచ్చిన జాబితాలో జీలిబ్‌సీ అన్న పేరున్న పంక్తులను గ్రెప్‌తో ఏరుకోండి. వాటిలో అన్నిటికన్నా పెద్ద అంకె ఏదో, మీ గేముకు కావలసిన కనీస జీలిబ్‌సీ అదే. ఈ పరీక్షను గేము ఫైలుకు ఒక్కదానికే చేసి ఊరుకోవద్దు. మీరు వెంట పంపుతున్న ఎస్‌డీఎల్, శబ్దం ఫైళ్లు చదివే వోర్బిస్ వంటి ప్రతి లైబ్రరీ ఫైలుకూ చేయండి, ఎందుకంటే గేమును పాత సిస్టమ్ మీద కట్టి, ఎస్‌డీఎల్‌ను మాత్రం కొత్త సిస్టమ్ నుంచి కాపీ చేసుకునే పొరపాటు తరచూ జరుగుతుంది.

లిబ్‌సీని వెంట పంపడం ఎందుకు కుదరలేదో కూడా చెప్పాలి. ప్రోగ్రాంను మెమరీలోకి ఎక్కించే లోడర్ జీలిబ్‌సీలో భాగమే, ఆ రెండూ ఒకే వెర్షన్‌వి అయి ఉండాలి. లోడర్ చిరునామా మీ ప్రోగ్రాం ఫైలులో పూర్తి దారితో సహా రాసి ఉంటుంది గనుక, ఆటగాడి కంప్యూటర్‌లో అతని పాత లోడరే వచ్చి, మీరు పంపిన కొత్త లిబ్‌సీని తగిలించుకోబోయింది. ఒకరి తాళానికి ఇంకొకరి తాళంచెవి పెట్టి తిప్పినట్లయింది. పోనీ జీలిబ్‌సీని స్టాటిక్‌గా కలిపేద్దామా అంటే, గ్రాఫిక్స్ డ్రైవర్లను గేము నడుస్తుండగా పైనుంచి తెచ్చుకోవాలి, స్టాటిక్ ప్రోగ్రాంలో ఆ పని సవ్యంగా సాగదు. సర్వర్ ప్రోగ్రాములకు బాగా పనికొచ్చే ఈ చిట్కా గేములకు పనికిరాదు.

అందువల్ల చేయవలసింది పాత సిస్టమ్ మీద కట్టడమే. అందుకోసం మీ కంప్యూటర్‌లో పాత డిస్ట్రో (ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ రకం) వేసుకోనక్కరలేదు. డాకర్‌లోనో పాడ్‌మన్‌లోనో డెబియన్ 11 కంటైనర్ (మీ సిస్టమ్ లోపలే విడిగా నడిచే ఇంకో సిస్టమ్ వాతావరణం) తెరిచి, దాని లోపల గేమునూ అది వాడే లైబ్రరీలనూ మొదటి నుంచి కంపైల్ చేయండి. డెబియన్ 11లో జీలిబ్‌సీ 2.31 ఉంది. స్టీమ్ కోసం వాల్వ్ ఇచ్చే స్నైపర్ అనే రన్‌టైమ్ కూడా డెబియన్ 11 ఆధారంగా తయారైనదే, దానికి తగిన బిల్డ్ కంటైనర్‌ను వారే ఇస్తారు కాబట్టి స్టీమ్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే నేరుగా అదే వాడుకోవచ్చు. కంటైనర్‌లో మొదటిసారి, బిల్డును నడిపించే మేక్ ఆదేశం కొట్టేముందు పాత బిల్డ్ ఫోల్డరును పూర్తిగా చెరిపేయండి. బయట కంపైల్ అయిన ఆబ్జెక్ట్ ఫైళ్లు లోపల మిగిలిపోతే, అన్నీ సరిగ్గా చేశామనుకున్నాక కూడా 2.34 మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఆ దయ్యం కోసం నేను ఒకప్పుడు ఒక సాయంత్రమంతా వెతికాను.

ప్రశ్న: ఎవరి దగ్గరైనా ఏదైనా లైబ్రరీ లేకపోతే ఇబ్బంది అని, ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీల జాబితా ఇచ్చే ఎల్‌డీడీ ఆదేశం చూపిన లైబ్రరీలన్నిటినీ, లిబ్‌సీ ఒక్కటి తప్ప, లిబ్ అనే ఫోల్డరులో పెట్టి, లైబ్రరీల కోసం ముందు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్‌ను అటు తిప్పే చిన్న షెల్ స్క్రిప్టుతో గేమును పంపుతున్నాము. ఎన్‌విడియా కార్డుకు ఆ సంస్థ సొంత డ్రైవరు వేసుకున్నవారికి బాగానే ఉంది. ఏఎమ్‌డీ కార్డు ఉన్నవారిలో కొందరికి రేడియాన్‌ఎస్‌ఐ డ్రైవరు తెరవలేకపోయామని లిబ్‌జీఎల్ సందేశం వచ్చి, అసలు విండోనే రావడం లేదు. డ్రైవరు సరిగ్గా వేసుకోండని చెప్పాము, వేరే గేములన్నీ ఆడుతున్నాయని వారు కోప్పడుతున్నారు.

జవాబు: వారి కోపం న్యాయమైనది. డ్రైవరులో దోషం లేదు, దోషం మీ లిబ్ ఫోల్డరులో ఉంది, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే అందులోని లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్ అనే, సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీ ఉన్న ఒక్క ఫైలులో ఉంది. ఈ జవాబు మిగతాది చదివేముందే ఆ ఫైలును వేరే చోటికి జరిపి, ఇబ్బంది పడుతున్న ఒక ఆటగాడి చేత గేమును నడిపించి చూడండి. విండో వస్తే రోగం నిర్ధారణ అయినట్లే.

జరిగినది ఇది. ఏఎమ్‌డీ, ఇంటెల్ కార్డులకు చాలామంది వాడేది మెసా అనే డ్రైవర్ల సముదాయం. అందులోని రేడియాన్‌ఎస్‌ఐ డ్రైవరు, షేడర్లను (బొమ్మలు గీయడానికి కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములను) కార్డు భాషలోకి మార్చడానికి సాధారణంగా ఎల్‌ఎల్‌వీఎమ్ అనే కంపైలర్ లైబ్రరీ మీద ఆధారపడుతుంది. ఎల్‌ఎల్‌వీఎమ్ సీ ప్లస్ ప్లస్‌లో రాసినది గనుక దానికి లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్ కావాలి. ఆ డ్రైవరు మీ గేము ప్రాసెస్‌లోకే వచ్చి కూర్చుంటుంది, విడిగా బయట నడవదు. ఒక ప్రాసెస్‌లో ఒకే పేరున్న లైబ్రరీని లోడర్ ఒక్కసారే ఎక్కిస్తుంది. మీ స్క్రిప్టు పుణ్యమా అని మీ పాత లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్ ముందే ఎక్కి ఉంది, ఆ తరువాత వచ్చిన ఆటగాడి కొత్త ఎల్‌ఎల్‌వీఎమ్ తనకు కావలసిన కొత్త ముద్రలు అందులో లేవని వెనుదిరిగింది, దానితో డ్రైవరూ తెరుచుకోలేదు. కార్డు లేకుండా ప్రాసెసర్ మీదే బొమ్మలు గీసే మెసా సాఫ్ట్‌వేర్ డ్రైవరు కూడా చాలా డిస్ట్రోల్లో ఎల్‌ఎల్‌వీఎమ్ మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆ ప్రత్యామ్నాయమూ మూసుకుపోయింది. ఎన్‌విడియా సొంత డ్రైవరు మెసా దారిలో నడవదు, అందుకే అక్కడ మీకు తేడా తెలియలేదు. కొత్త డిస్ట్రో వాడేవారికే ఈ ఇబ్బంది ఎక్కువగా రావడం మీరు గమనించి ఉంటారు. వారి మెసా మీ లైబ్రరీకన్నా కొత్తది, అదే వారు చేసిన పాపం.

కళ్లతో చూడాలనుకుంటే ఎల్‌డీ డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు లిబ్స్ అని విలువ ఇచ్చి గేమును టెర్మినల్ నుంచి నడపండి. లోడర్ ఏ లైబ్రరీ కోసం ఏ ఫోల్డర్లలో వెతికిందో, చివరికి ఏ ఫైలును ఎంచుకుందో పంక్తి తరువాత పంక్తిగా రాసుకుంటూ పోతుంది. ఆ ప్రవాహంలో లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్ పక్కన మీ గేము ఫోల్డరు పేరు కనిపించి, కొద్ది దిగువన ఎల్‌ఎల్‌వీఎమ్ పేరుతో వెర్షన్ దొరకలేదన్న పంక్తి కనిపిస్తుంది.

ఇక ఏది వెంట పంపాలి, ఏది ఆటగాడి సిస్టమ్‌కు వదిలేయాలి అన్నది అసలు ప్రశ్న. కెర్నెల్‌తో గాని, డ్రైవరుతో గాని, ఆ సిస్టమ్‌లో నడుస్తున్న డిస్‌ప్లే సర్వరు, సౌండు సర్వరులతో గాని నేరుగా మాట్లాడే లైబ్రరీ ఆ సిస్టమ్‌దే అయి ఉండాలి. అంటే జీలిబ్‌సీ కుటుంబమంతా, గ్రాఫిక్స్‌కు చెందిన ఓపెన్‌జీఎల్, ఈజీఎల్, వల్కన్ లోడర్, డీఆర్‌ఎమ్, డిస్‌ప్లేకు చెందిన ఎక్స్ 11, ఎక్స్‌సీబీ, శబ్దానికి చెందిన ఆల్సా, పల్స్ లైబ్రరీలను ముట్టుకోవద్దు. తమ పని తాము చేసుకుపోయే వోర్బిస్, పీఎన్‌జీ, లువా, భౌతికశాస్త్ర ఇంజిన్ వంటివి నిశ్చింతగా వెంట పంపండి. ఎస్‌డీఎల్‌ను కూడా పంపవచ్చు, అది డిస్‌ప్లేతోనూ సౌండుతోనూ మాట్లాడేదే అయినా ఆ పనిని సిస్టమ్ లైబ్రరీలను అప్పటికప్పుడు తెరిచి వాటి ద్వారా చేయించుకుంటుంది. ఎల్‌డీడీ జాబితాను గుడ్డిగా నమ్మకూడదనడానికి ఇంకో కారణం, అది మీ గేముకు కావలసినవాటితో పాటు వాటికి కావలసినవాటిని కూడా కలిపి చూపుతుంది. మీకు నేరుగా కావలసినవి మాత్రమే చూడాలంటే రీడ్‌ఎల్ఫ్‌కు చిన్న డీ ఆప్షన్ ఇచ్చి, నీడెడ్ అన్న పంక్తులను చూడండి. జాబితా ఎంత చిన్నదో చూసి ఆశ్చర్యపోతారు.

లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్ విషయంలో రెండు దారులున్నాయి. మొదటి జవాబులో చెప్పినట్లు డెబియన్ 11 కంటైనర్‌లో, దానితో వచ్చే కంపైలర్‌తోనే కడితే, ఆటగాళ్ల దగ్గర ఉన్నది అంతే వయసుదో ఇంకా కొత్తదో అవుతుంది కాబట్టి దాన్ని పంపనే అక్కరలేదు. పాత కంటైనర్‌లో కొత్త కంపైలర్ వేసుకుని కట్టేవారు మాత్రం స్టాటిక్ లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్, స్టాటిక్ లిబ్‌జీసీసీ అనే రెండు లింకర్ ఆప్షన్లు ఇచ్చి ఆ కోడును గేము లోపలే కలుపుకోవాలి. మీ గేము సీ ప్లస్ ప్లస్‌లో రాసిన వేరే షేర్డ్ లైబ్రరీలతో స్ట్రింగులూ ఎక్సెప్షన్లూ ఇచ్చిపుచ్చుకుంటుంటే ఈ రెండో దారి కొత్త తలనొప్పులు తెస్తుంది. నా ఓటు మొదటిదానికే.

మీ షెల్ స్క్రిప్టు గురించి కూడా ఒక మాట. ఎల్‌డీ లైబ్రరీ పాత్ మీ గేముతో ఆగదు, గేము పుట్టించే ప్రతి ప్రాసెస్‌కూ వారసత్వంగా పోతుంది. మెనూలో మా వెబ్‌సైట్ అన్న బటన్ నొక్కితే బ్రౌజరు తెరుచుకోకుండా చచ్చిపోవడానికి చాలా గేముల్లో ఇదే కారణం, బ్రౌజరు మీ లైబ్రరీలను పట్టుకుని లేవబోయి పడిపోతుంది. దాని బదులు, వెతకవలసిన దారిని ప్రోగ్రాం ఫైలులోనే రాసిపెట్టే ఆర్‌పాత్ వాడండి. డాలర్ గుర్తుతో మొదలయ్యే ఆరిజిన్ అన్న మాట, దాని వెనుక స్లాష్, లిబ్ అని లింకర్‌కు ఇస్తే, ప్రోగ్రాం ఫైలు ఏ ఫోల్డరులో ఉందో దాని పక్కనే ఉన్న లిబ్‌లో వెతకమని అర్థం. చాలామంది ఇక్కడ కాలు జారేది ఆ డాలర్ గుర్తు దగ్గరే. మేక్‌ఫైలులో ఒక్క డాలర్ రాస్తే మేక్ దాన్ని తన వేరియబుల్ అనుకుని మింగేస్తుంది, రెండు డాలర్లు రాసి కోట్‌లు పెట్టకపోతే షెల్ మింగేస్తుంది. రెండు డాలర్లూ రాసి మొత్తాన్ని సింగిల్ కోట్‌లలో ఉంచాలి. ఆ తరువాత రీడ్‌ఎల్ఫ్‌తో చూస్తే ఆరిజిన్ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా కనబడాలి. ఇప్పటికే కట్టేసిన ఫైలులో మార్చాలంటే ప్యాచ్‌ఎల్ఫ్ అనే పనిముట్టు ఉంది. అక్కడ ఆర్‌పాత్ బదులు రన్‌పాత్ అని కనబడితే కంగారుపడకండి, ఇప్పటి లింకర్లు చాలా డిస్ట్రోల్లో రన్‌పాత్‌నే రాస్తాయి. తేడా ఏమిటంటే రన్‌పాత్ మీ ప్రోగ్రాం నేరుగా అడిగిన లైబ్రరీలకే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు అడిగే లైబ్రరీలకు వర్తించదు. వోర్బిస్ దొరికి, దానికి కావలసిన ఆగ్ దొరకలేదంటే కారణం అదే. లిబ్‌లోని ప్రతి ఫైలుకూ విడిగా ఆరిజిన్ పెట్టండి.

ప్రశ్న: మీరు పోయిన ప్రశ్నల్లో చెప్పినట్లే కంటైనర్‌లో ఎస్‌డీఎల్ 2ను స్వయంగా కంపైల్ చేశాను. గేము అన్నిచోట్లా తెరుచుకుంటోంది, కాని ఎక్కడా శబ్దం లేదు. లోపం ఉందని ఒక్క సందేశమూ రావడం లేదు.

జవాబు: కంటైనర్‌లో ఆల్సా, పల్స్ లైబ్రరీల డెవలప్‌మెంట్ ప్యాకేజీలు వేయలేదు, అంతే. ఎస్‌డీఎల్ తనను కంపైల్ చేసేటప్పుడు ఏయే హెడర్ ఫైళ్లు కనబడ్డాయో ఆయా సౌండు పద్ధతులనే లోపల పెట్టుకుంటుంది, కనబడనివాటి గురించి గోల చేయదు. కాన్ఫిగర్ దశ చివర అది ముద్రించే సారాంశంలో పల్స్, ఆల్సాల ఎదుట ఏమి రాసి ఉందో చూడండి. ఈ లైబ్రరీలను ఎస్‌డీఎల్ నడుస్తుండగానే తెరుచుకుంటుంది గనుక ఎల్‌డీడీలో వాటి ఊసు ఎలాగూ ఉండదు, అక్కడ వెతికి లాభం లేదు. ఎక్స్ 11 తరువాత వచ్చిన డిస్‌ప్లే పద్ధతి వేలాండ్ విషయంలోనూ ఇదే జరుగుతుంది, దాని హెడర్లు లేకుండా కడితే గేము ఎక్స్ 11 మీదే నడుస్తుంది. సందేశం రాకపోవడం మాత్రం మీ కోడు లోపం. ఆడియోను ప్రారంభించే ఫంక్షన్ వైఫల్యాన్ని తిరిగి చెప్పే ఉంటుంది, మీరు ఆ విలువను చూడకుండా ముందుకు పోయారు.

ప్రశ్న: గేమును యాప్‌ఇమేజ్‌గా చేసి పెట్టాము. ఉబుంటు 22.04లో డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగడం లేదని కొందరు రాశారు. నడిచినవారు కూడా తాము సేవ్ చేసుకున్నది మరునాటికి లేదంటున్నారు.

జవాబు: రెండూ వేర్వేరు సంగతులు. యాప్‌ఇమేజ్ అంటే లోపల కుదించి దాచిన ఫైల్‌సిస్టమ్, దాన్ని మౌంట్ చేయడానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న రన్‌టైమ్‌కు ఫ్యూజ్ లైబ్రరీ రెండో వెర్షన్ కావాలి. ఉబుంటు 22.04 నుంచి అది మొదటే వేసి ఉండదు. డబుల్ క్లిక్‌లో సందేశం కనబడే చోటు లేదు గాని, టెర్మినల్‌లో నడిపితే ఆ ఫైలు లేదని స్పష్టంగా చెబుతుంది. ఆ లైబ్రరీతో పనిలేని, స్టాటిక్‌గా కట్టిన కొత్త రన్‌టైమ్ ఇప్పుడు ఉంది. మీ యాప్‌ఇమేజ్‌ను కొత్త పనిముట్టుతో మళ్లీ తయారుచేయండి. టెర్మినల్ అలవాటున్న ఆటగాళ్లకు, మౌంట్ చేయకుండా విప్పి నడిపే ఆప్షన్ ఆ ఫైలులోనే ఉందని చెప్పండి. ఇవేవీ కాకపోతే ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి ఉందో లేదో చూడమనండి, బ్రౌజరు ద్వారా దిగిన ఫైలుకు అది ఉండదు.

సేవ్ సంగతికి వస్తే, మౌంట్ అయిన ఆ ఫైల్‌సిస్టమ్ చదవడానికే గాని రాయడానికి కాదు. మీ గేము ప్రోగ్రాం పక్కనే సేవ్ ఫైలు రాయబోతోంది, అది విఫలమైనా ఆటగాడికి చెప్పడం లేదు. ఎక్స్‌డీజీ డేటా హోమ్ అనే వేరియబుల్ చూపే ఫోల్డరులో, అది లేకపోతే హోమ్‌లోని డాట్ లోకల్, షేర్ ఫోల్డరులో మీ గేము పేరుతో చోటు చేసుకుని అక్కడ రాయాలి. ఎస్‌డీఎల్‌లోని గెట్ ప్రెఫ్ పాత్ ఫంక్షన్ సరిగ్గా ఈ పనే చేసి దారిని చేతికిస్తుంది, బొమ్మలూ శబ్దాలూ ఉన్న చోటుకు గెట్ బేస్ పాత్ ఉంది. ఈ రెండూ వాడితే, గేమును ఏ ఫోల్డరు నుంచి ప్రారంభించారన్న దాని మీద ఆధారపడే ఇంకో జబ్బు కూడా పోతుంది.

ప్రశ్న: విండోస్‌లో ఏడాది నుంచి ఆడుతున్న గేమును లినక్స్‌కు తెచ్చాను. కొన్ని బొమ్మలు రావడం లేదు. దానికన్నా వింత ఏమిటంటే, ఒక్క జర్మన్ ఆటగాడి దగ్గర మాత్రం హీరో కదలడు. దూకుతాడు గాని నడవడు.

జవాబు: బొమ్మల సంగతి సులువు. ఫైలు పేరులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లినక్స్‌లో వేర్వేరు. డిస్కు మీద ఒక తీరుగా, కోడులో ఇంకో తీరుగా రాసిన పేర్లను విండోస్ సర్దుకుపోయింది, ఇక్కడ సర్దుబాటు లేదు. అన్ని ఫైళ్ల పేర్లనూ చిన్నక్షరాల్లోకి మార్చి, కోడులోనూ అలాగే రాయండి. దారుల్లో వెనక్కి వాలిన స్లాష్‌లు ఉంటే వాటినీ మార్చండి.

నడవని హీరో సంగతే నాకు నచ్చిన ప్రశ్న. నడక వేగం మీ కాన్ఫిగ్ ఫైలులో 0.5 అనో 0.8 అనో, దూకే ఎత్తు 3 అనో 4 అనో పూర్ణసంఖ్యగా ఉండి ఉండాలి. జర్మన్ పద్ధతిలో దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. సీ ప్రోగ్రాం మొదలైనప్పుడు తటస్థమైన లొకేల్‌లోనే ఉంటుంది గాని, ఎవరైనా సెట్‌లొకేల్‌ను ఖాళీ పేరుతో పిలిస్తే ఆటగాడి భాషా పద్ధతి అమలులోకి వస్తుంది. మీ కోడులో ఆ పిలుపు లేకపోయినా, ఫైలు తెరిచే డైలాగు కోసం జీటీకే లైబ్రరీని తెచ్చుకుంటే అది ప్రారంభమవుతూ తానే పిలుస్తుంది. ఆపై ఏటూఎఫ్ ఫంక్షన్ 0.5ను చదవబోయి, చుక్క దగ్గర ఇది అంకె కాదని ఆగిపోయి, సున్నా ఇస్తుంది. సున్నా వేగంతో హీరో నడవడు, 3కు చుక్కతో పనిలేదు గనుక దూకుతాడు.

మీ దగ్గరే పుట్టించి చూడవచ్చు. జర్మన్ యూటీఎఫ్ 8 లొకేల్‌ను సిస్టమ్‌లో తయారుచేసుకుని, ఎల్‌సీ ఆల్ వేరియబుల్‌కు దాన్ని ఇచ్చి గేమును నడపండి. మందు రెండు రకాలు: లైబ్రరీలన్నీ ప్రారంభమయ్యాక ఎల్‌సీ న్యూమరిక్‌ను మాత్రం సీ లొకేల్‌కు తిరిగి మార్చడం ఒకటి, లొకేల్‌తో సంబంధం లేని ఫ్రమ్ చార్స్ అనే సీ ప్లస్ ప్లస్ ఫంక్షన్‌తో అంకెలు చదవడం రెండోది. రెండోది మేలైనది గాని, దశాంశ సంఖ్యలకు అది జీసీసీ 11 నుంచే ఉంది. డెబియన్ 11 కంపైలర్ జీసీసీ 10 కాబట్టి అక్కడ కట్టేవారు ప్రస్తుతానికి మొదటిదానితో సరిపెట్టుకోవాలి.

ప్రశ్న: మా గేము ఫ్లాట్‌ప్యాక్‌లో గేమ్‌ప్యాడ్‌ను గుర్తించడం లేదు. మామూలుగా నడిపితే గుర్తిస్తోంది.

జవాబు: ఫ్లాట్‌ప్యాక్ అంటే గేమును మిగతా సిస్టమ్ నుంచి గోడ కట్టినట్లు విడదీసి నడిపే ప్యాకేజీ పద్ధతి. ఆ గోడ లోపల నుంచి గేమ్‌ప్యాడ్ పరికరాలు కనబడవు, మీ మ్యానిఫెస్టులో (ప్యాకేజీ వివరాలు రాసే ఫైలులో) అనుమతి అడగాలి. డీఆర్‌ఐ పరికరం అనుమతి గ్రాఫిక్స్ కార్డుకే వర్తిస్తుంది. గేమ్‌ప్యాడ్‌కు ఇన్‌పుట్ అనే విడి అనుమతి 1.16 స్థిర విడుదలలో ఉంది. అంతకన్నా పాత ఫ్లాట్‌ప్యాక్ వాడే ఆటగాళ్లను వదులుకోలేకపోతే పరికరాలన్నిటికీ కలిపి ఇచ్చే ఆల్ అనుమతి అడగక తప్పదు. అనుమతి ఇచ్చాక కూడా కనబడకపోతే మీరు వెంట పెట్టిన ఎస్‌డీఎల్ పాతదేమో చూడండి. గోడ లోపల, పరికరాల రాకపోకలను తెలిపే యూడెవ్ సందేశాలు అందవు, కొత్త ఎస్‌డీఎల్ తాను ఫ్లాట్‌ప్యాక్‌లో ఉన్నానని పసిగట్టి పరికరాల ఫోల్డరును నేరుగా కనిపెట్టి ఉంటుంది, బాగా పాతది ఆ సందేశాల కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. రన్‌టైమ్‌తో వచ్చే ఎస్‌డీఎల్‌నే వాడుకుని, మీది తీసేయండి.